‘వస్తానన్నాడు’ అనే మాటను ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? రిపోర్టెడ్ స్పీచ్ (పరోక్ష కథనం) నేర్చుకోవడంపై చర్చ

గోదారిగట్టు:
సభ్యులందరికీ నమస్కారం. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకుని, ప్రస్తుతం హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సపోర్ట్ బృందంలో రాత్రి షిఫ్టు చేస్తున్నాను. గత వారం నేను రాసిన ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం వల్ల మా బృందమంతా ఇబ్బంది పడింది. ఆ వాక్యంలో తప్పు ఏమిటో ఇప్పటికి సగమే అర్థమైంది కాబట్టి మిగతా సగం కోసం ఇక్కడ అడుగుతున్నాను.

సోమవారం రాత్రి మా టీమ్ లీడర్ నాతో ఫోనులో, రేపు క్లయింట్‌తో తానే మాట్లాడతానని చెప్పారు. నేను ఆ విషయాన్ని షిఫ్టు ముగిసే ముందు మెయిలులో ఇలా రాశాను: ‘టీమ్ లీడర్ టోల్డ్ దట్ ఐ విల్ స్పీక్ టు ద క్లయింట్ టుమారో.’ ఆ మెయిలును పగటి షిఫ్టు వాళ్ళు మంగళవారం ఉదయం చదివారు. ‘ఐ’ అంటే నేనేననీ, ‘టుమారో’ అంటే బుధవారమనీ అనుకుని, క్లయింటుకు కూడా అలాగే తెలియజేశారు. మంగళవారం మా లీడర్ ఫోను చేసేసరికి అవతల ఎవరూ సిద్ధంగా లేరు. బుధవారం ఉదయం అయిదుగురు మనుషులు కాల్‌లో కూర్చుని నా కోసం ఎదురు చూశారు, నేనేమో ఇంట్లో నిద్రపోతున్నాను. తెలుగులో ‘రేపు క్లయింట్‌తో మాట్లాడతానని ఆయన చెప్పారు’ అంటే ఎవరికీ అనుమానం రాదు కదా, అదే మాట ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి మనిషీ రోజూ రెండూ ఎందుకు మారిపోయాయో దయచేసి వివరించగలరు.

పాలకొల్లు పంతులమ్మ:
గోదారిగట్టు గారూ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని కాబట్టి, ఈ తప్పును ఎన్ని వందల జవాబు పత్రాలలో ఎర్ర సిరాతో సున్నా చుట్టానో లెక్క లేదు. మీ వాక్యంలో మూడు లోపాలున్నాయి, అవి మూడూ తెలుగు నుంచే వచ్చాయి.

మన ‘అని’ చాలా మంచి మనసున్న పదం. దాని ముందు ఎవరి మాటనైనా తెచ్చి, కాలాన్ని కదిలించకుండా, క్రియ చివరి ‘ను’ను తీసేయకుండా అలాగే ఉంచవచ్చు. ‘మాట్లాడతానని చెప్పారు’ అన్నప్పుడు ఆ ‘మాట్లాడతాను’ మీ టీమ్ లీడరు నోట్లోంచి వచ్చిన మాటే, దానికి మీరు చేసిన మార్పు ఏమీ లేదు. ఇంగ్లీషులో ‘దట్’ అలాంటిది కాదు. ‘దట్’ తర్వాత వచ్చే ప్రతి ‘ఐ’, ప్రతి ‘టుమారో’ ఆ వాక్యం రాస్తున్న మనిషికి చెందుతుంది. అక్కడ ‘ఐ’ అని రాయగానే అది మీరే అయిపోయారు. పగటి షిఫ్టు వాళ్ళు ఇంగ్లీషును సరిగ్గానే చదివారు.

ఇక మూడోది ‘టోల్డ్ దట్’. తెలుగులో ‘చెప్పాడు’ అనే మాట ఎవరికి చెప్పాడో అనకపోయినా నిలబడుతుంది, ‘టోల్డ్’ అలా నిలబడదు. ‘టోల్డ్’ పక్కనే విన్న మనిషి ఉండాలి, ‘టోల్డ్ మీ దట్’ అనాలి. మనిషిని చెప్పడం ఇష్టం లేకపోతే ‘సెడ్ దట్’ అనుకోవచ్చు. ‘నాకు చెప్పాడు’లోని ‘కు’ను మోసుకెళ్ళి ‘టోల్డ్ టు మీ’ అనేవారు, ‘ఇలా అన్నాడు’ను మోసుకెళ్ళి ‘హి సెడ్ లైక్ దిస్’ అనేవారు మా స్టాఫ్ రూములో కూడా ఉండేవారు, వారి పేర్లు చెప్పను.

ఓరుగల్లు అభ్యర్థి:
అమ్మా, నమస్తే. నేను స్టాఫ్ సెలక్షన్ పరీక్షకు, దానితో పాటు డీఎస్సీకి చదువుతున్నాను. మా కోచింగులో ఒక పట్టిక ఇచ్చి కంఠస్థం చేయమన్నారు. ‘విల్’ను ‘వుడ్’ చేయాలి, ‘క్యాన్’ను ‘కుడ్’ చేయాలి, ‘మే’ను ‘మైట్’ చేయాలి, ‘ఈజ్’ను ‘వాజ్’ చేయాలి, ‘టుమారో’ను ‘ద నెక్స్ట్ డే’ చేయాలి, ‘యెస్టర్డే’ను ‘ద ప్రీవియస్ డే’ చేయాలి, ‘హియర్’ను ‘దేర్’ చేయాలి, ‘దిస్’ను ‘దట్’ చేయాలి. ఈ పట్టిక వచ్చేసిన తర్వాత ఇంత ఆలోచన అవసరమా? పరీక్షలో నలభై సెకన్లలో జవాబు గుర్తించాలి కదా.

పాలకొల్లు పంతులమ్మ:
నాయనా, పరీక్షకు ఆ పట్టిక చాలు, దాన్ని కాదనను. కానీ అది మందుల చీటీ లాంటిది, ఏ రోగానికి రాశారో తెలియకుండా మింగితే ఒక్కోసారి వికటిస్తుంది. మా బడిలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

తొమ్మిదో తరగతిలో ఈ పాఠం మొదలు పెట్టేటప్పుడు నేను సుద్దముక్క పట్టుకునేదాన్ని కాదు. ఒక పిల్లవాణ్ణి హెడ్మాస్టరు గారి గదికి పంపించి, ఆయన ఏం చెబితే అది వచ్చి నాకు చెప్పమనేదాన్ని. ఒకసారి ఆయన, ముందే అనుకున్న ప్రకారం, వాడితో ‘నేను రేపు సెలవులో ఉంటాను, తొమ్మిదో తరగతి పిల్లలను ఆటల పీరియడుకు పంపవద్దు’ అన్నారు. వాడు పరుగున వచ్చి ‘హెడ్మాస్టారు రేపు సెలవులో ఉంటారటండీ, మమ్మల్ని ఆటలకు పంపవద్దన్నారు’ అని ముఖం వేలాడేసుకుని చెప్పాడు. నేను ఆ రెండు వాక్యాలనూ నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి రాసి, ఏమేం మారిందో పిల్లలనే అడిగాను. ‘ఉంటాను’ కాస్తా ‘ఉంటారు’ అయింది, ‘పిల్లలను’ అన్న మాట ‘మమ్మల్ని’ అయింది, ‘పంపవద్దు’ అన్న ఆజ్ఞ ‘పంపవద్దన్నారు’ అయింది. ఆ పిల్లవాడికి ఏ పట్టికా రాదు. మాట చెప్పిన మనిషి ఎవరు, మోస్తున్న మనిషి ఎవరు, వింటున్న మనిషి ఎవరు అన్న మూడు సంగతులూ వాడికి తెలుసు, అందుకే అన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి.

ఇప్పుడు ‘రేపు’ను గమనించండి. అది మారలేదు, ఎందుకంటే వాడు అదే రోజున, అయిదు నిమిషాలలోనే చెప్పాడు. ఇంగ్లీషులోనూ అంతే, ‘ద హెడ్‌మాస్టర్ సెడ్ దట్ హి వుడ్ బి ఆన్ లీవ్ టుమారో’ అనడమే సరైనది. అక్కడ పట్టిక ప్రకారం ‘ద నెక్స్ట్ డే’ అని పెడితే వినేవారికి ఏ రోజుకు మరుసటి రోజో తెలియక తికమక పడతారు. అదే కబురును వారం తర్వాత చెబితే ‘టుమారో’ పనికిరాదు. గోదారిగట్టు గారి మెయిలు రాత్రి పుట్టి తెల్లారి చదివించుకుంది కాబట్టి ‘టుమారో’ ఒక రోజు ముందుకు జారింది.

మనకూ ఈ మాటలు లేకపోలేదు. కథ చెప్పేటప్పుడు ‘రేపు’ బదులు ‘మర్నాడు’ అంటాం, ‘నిన్న’ బదులు ‘ముందు రోజు’ అంటాం. పదో తరగతి తెలుగు వాచకంలోనే ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చమనే అభ్యాసం ఉంటుంది, ‘నేను’ను ‘తాను’ చేసి మార్కులు తెచ్చుకున్న పిల్లలే తర్వాతి గంటలో ఇంగ్లీషు పాఠానికి వచ్చి దిక్కులు చూసేవారు. ఆ రెండూ ఒకటే పాఠమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, మొదటి పదేళ్ళు నేనూ చెప్పలేదు.

అనువాద అభిమాని:
పంతులమ్మ గారి ‘తాను’ను పట్టుకుని నాలుగు మాటలు చెప్పాలని ఉంది, భాషాశాస్త్రం చదివిన అలవాటు కొద్దీ కాస్త లోపలికి వెళితే మన్నించండి.

‘రాముడు తాను వస్తానని చెప్పాడు’ అనే వాక్యాన్ని ఒక్క నిమిషం ఆగి చూడండి. మామూలుగా ‘తాను వస్తాడు’ అనాలి, ‘వస్తాను’ అనే క్రియ ‘నేను’ పక్కన ఉండవలసినది. కానీ ‘అని’ ముందర ‘తాను వస్తాను’ అనే విచిత్రమైన జోడీ మనకు ఎంతో సహజంగా వినిపిస్తుంది. బహువచనంలోనూ అంతే, ‘వాళ్ళు తాము వస్తామని చెప్పారు’ అంటాం. అంటే తెలుగు సగం దూరం నడిచి ఆగిపోయింది: కర్తను చెప్పేవాడి వైపు నుంచి మార్చి ‘తాను’ చేసింది, క్రియను మాత్రం అసలు మాట్లాడినవాడి నోటిలోనే ఉంచింది. ఇంగ్లీషు ఆ మిగతా సగం కూడా నడుస్తుంది, కర్తనూ మారుస్తుంది, క్రియనూ మారుస్తుంది, కాలాన్ని కూడా ఒక మెట్టు వెనక్కి దింపుతుంది. మనవాళ్ళు ‘హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్’ అనడానికి మూలం ఆ ‘వస్తాను’లోని చివరి ‘ను’.

అలాగని ఇంగ్లీషుదే పైచేయి అనుకోనక్కరలేదు. ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్’ అన్నప్పుడు రెండో ‘హి’ ఎవరో ఆ వాక్యం చెప్పలేదు. చెప్పినవాడే కావచ్చు, వేరొకడు కావచ్చు. తెలుగులో ‘వస్తానన్నాడు’ అంటే వాడే, ‘వస్తాడన్నాడు’ అంటే ఇంకొకడు, ఒక్క అక్షరంతో తేలిపోతుంది. అందుచేత తెలుగు నుంచి ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు మన భాషలో ఉచితంగా దొరికిన ఈ స్పష్టతను పేరు చెప్పో హోదా చెప్పో విడిగా కొనుక్కోవాలి.

ఇంకొక చిన్న సంగతి. ‘అని’ అనేది ‘అను’ అనే క్రియ నుంచి పుట్టిన రూపమే, ‘తిని, విని, కని’ లాంటిదే. మనం ‘అనుకున్నాను’ అన్నప్పుడు కూడా అందులో తనలో తాను అనడమే ఉంది. తెలుగువాడు ఆలోచించినా తన మాటను తనే ఉటంకించుకుంటాడు. ఈ కారణంగానే ‘నువ్వు వస్తావనుకున్నాను’ను ‘ఐ థాట్ యు విల్ కమ్’ అంటారు, అక్కడ ‘ఐ థాట్ యు వుడ్ కమ్’ అనాలి. రిపోర్టెడ్ స్పీచ్ అంటే నోటితో చెప్పిన మాటకే అనుకుంటారు గానీ, అనుకోవడం, ఆశించడం, తెలుసుకోవడం, భయపడటం అన్నీ దాని కిందికే వస్తాయి.

డాలస్ అమ్మ:
మా ఇంట్లో ఈ సమస్య తలకిందులుగా ఉంది. మా అబ్బాయి ఇక్కడ టెక్సస్‌లోనే పుట్టాడు, తొమ్మిదేళ్ళు. మొన్న వాళ్ళ నాయనమ్మతో ఫోనులో ‘నాన్న డిసెంబరులో వస్తాడని చెప్పాడు’ అన్నాడు. మా అత్తగారు ‘ఎవరు వస్తాడని చెప్పాడు నాన్నా?’ అని మూడుసార్లు అడిగారు, వాడు మూడుసార్లూ ‘నాన్న!’ అనే చెప్పాడు. ఆవిడ వేరే ఎవరో చుట్టం వస్తున్నాడేమోనని కంగారు పడ్డారు. వాడు ‘డాడ్ సెడ్ హి వుడ్ కమ్’ను తెలుగులో పెట్టాడని అనువాద అభిమాని గారి సమాధానం చదివాక ఇప్పుడే తట్టింది.

ఓరుగల్లు అభ్యర్థి:
మా వైపు ‘వస్తనన్నడు’ అంటాం, అందులోనూ ఆ ‘న’ అలాగే ఉంది కాబట్టి యాస మారినా రోగం ఒకటే అన్నమాట. అది సరే గానీ, ప్రశ్నల సంగతి చెప్పండి. ‘వేర్ డూ యు లివ్’ను మార్చమంటే నేను ప్రతిసారీ ‘షి ఆస్క్డ్ మీ వేర్ డిడ్ ఐ లివ్’ అని గుర్తించి మార్కు పోగొట్టుకుంటున్నాను.

పాలకొల్లు పంతులమ్మ:
దీనికి మన భాషలోనే తాళంచెవి ఉంది. తెలుగులో ప్రశ్నను మోయడానికి రెండు దారులున్నాయి. ‘నువ్వెక్కడ ఉంటావని అడిగింది’ అనేది మొదటి దారి, అందులో ఆవిడ అడిగిన ప్రశ్న ప్రశ్నగానే ఉంది. ‘నేనెక్కడ ఉంటానో అడిగింది’ అనేది రెండో దారి, అందులో ప్రశ్న కరిగిపోయి ఒక విషయంగా మారింది, ‘నువ్వు’ పోయి ‘నేను’ వచ్చింది, చివర ‘ఓ’ చేరింది. ఇంగ్లీషులో రిపోర్టెడ్ స్పీచ్ అంటే ఈ రెండో దారే. ‘షి ఆస్క్డ్ మీ వేర్ ఐ లివ్డ్’ అనే వాక్యం ‘నేనెక్కడ ఉంటానో’కు సరిగ్గా అద్దం పట్టినట్లు ఉంటుంది, కాలం ఒక్కటే వెనక్కి తగ్గింది. ప్రశ్న ప్రశ్నగా లేదు కాబట్టి దాన్ని ప్రశ్నగా నిలబెట్టే ‘డూ’కు గానీ ‘డిడ్’కు గానీ అక్కడ పని లేదు, చివరి ప్రశ్నార్థకానికీ పని లేదు.

అవును కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ‘భోజనం చేశావా అని అడిగాడు’ను పక్కన పెట్టి ‘నేను భోజనం చేశానో లేదో అడిగాడు’ అని మనసులో అనుకోండి. ఆ ‘ఓ లేదో’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఇఫ్’ లేదా ‘వెదర్’ వస్తుంది, ‘హి ఆస్క్డ్ మీ ఇఫ్ ఐ హ్యాడ్ ఈటెన్’ అవుతుంది. నా విద్యార్థులకు నేను ఇచ్చిన ఒకే ఒక్క సూత్రం ఏమిటంటే, ముందు తెలుగులో ‘అని’ని తీసేసి ‘ఓ’తో చెప్పి చూసి, ఆ తర్వాతే ఇంగ్లీషు వైపు తిరగమనేదాన్ని.

ఆజ్ఞలు మనకు అసలు కష్టమే కావు. ‘కూర్చోమన్నాడు’ అంటే ‘హి టోల్డ్ మీ టు సిట్’, ‘వెళ్ళవద్దన్నాడు’ అంటే ‘హి టోల్డ్ మీ నాట్ టు గో’. మన ‘వెళ్ళమని’లో వాళ్ళ ‘టు గో’ దాగి ఉంది. కాబట్టి నేను ఎప్పుడూ ఆజ్ఞలతో మొదలు పెట్టి, ప్రశ్నలకు వచ్చి, ‘వస్తానన్నాడు’ను చివరికి ఉంచేదాన్ని. పుస్తకాలలో క్రమం దీనికి తలకిందులుగా ఉంటుంది.

అనువాద అభిమాని:
పంతులమ్మ గారితో పాఠం చెప్పే క్రమం విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను గానీ, ‘వెళ్ళమని’లో ‘టు గో’ దాగి ఉందనడాన్ని మాత్రం ఒప్పుకోలేను. అది ‘వెళ్ళుము’, ‘అని’ కలిసిన మాట. ‘రమ్మన్నాడు’లో ‘రమ్ము’ ఇంకా చెక్కుచెదరకుండా కనిపిస్తోంది. అంటే అక్కడ కూడా మనం పాతకాలపు ఆజ్ఞను ఉన్నది ఉన్నట్లు ఉటంకిస్తున్నామే గానీ మార్చడం లేదు. విడిగా వాడేటప్పుడు ఆ ‘ము’ వ్యవహారంలోంచి జారిపోయింది కాబట్టి మనకు అది వేరే రూపంలా వినిపిస్తుంది.

పాలకొల్లు పంతులమ్మ:
వ్యాకరణం మీరన్నట్లే ఉంది, తప్పు దిద్దుకున్నాను. అయినా తొమ్మిదో తరగతి పిల్లలకు మాత్రం ‘టు గో’ దాగి ఉందనే చెబుతాను, వాళ్ళకు అది పని చేస్తుంది.

నల్లకోటు:
ఈ చర్చ ఆలస్యంగా చూశాను. నేను ఒక జిల్లా కోర్టులో సాక్ష్యాలను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చే పనిలో చాలా కాలం ఉన్నాను. మీరు పరీక్ష గురించీ మెయిలు గురించీ మాట్లాడుకుంటున్న విషయం మా దగ్గర మనుషుల జైలుకూ విడుదలకూ సంబంధించినది కాబట్టి, నాలుగు వాక్యాలు వివరంగా రాస్తాను.

సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు, రికార్డు ఇంగ్లీషులో తయారవుతుంది. వాంగ్మూలంలో మేము ‘ఐ సా ద అక్యూజ్డ్’ అని సాక్షి నోటితోనే, ‘ఐ’తోనే రాస్తాం, అది ఒక రకంగా ప్రత్యక్ష కథనమే. ఆ తర్వాత తీర్పు రాసేటప్పుడు అదే మాట ‘పి.డబ్ల్యు.1 డిపోజ్డ్ దట్ హి హ్యాడ్ సీన్ ద అక్యూజ్డ్’ అవుతుంది, పి.డబ్ల్యు.1 అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి. ‘ఐ’ పోయి ‘హి’ వస్తుంది, ‘సా’ పోయి ‘హ్యాడ్ సీన్’ వస్తుంది. ఎవరైనా ఈ పాఠం నేర్చుకోవాలంటే ఒక వాంగ్మూలాన్నీ దాని మీద వచ్చిన తీర్పునూ పక్కపక్కన పెట్టుకుని చదవమని చెబుతాను. అక్కడ ‘హి’ ఎవరో తెలియని ఇబ్బందిని అనువాద అభిమాని గారు చెప్పారు కదా, కోర్టు దానికి తన ఉపాయం తాను చేసుకుంది. సాక్షులకు అంకెలు, నిందితులకు అంకెలు పెట్టి, సర్వనామం అనుమానంగా ఉన్నచోట అంకె వేసేస్తుంది.

క్రాస్ ఎగ్జామినేషనులో మరో వింత వాక్యం పుడుతుంది. న్యాయవాది సాక్షితో ‘మీరు అబద్ధపు సాక్ష్యం చెబుతున్నారు’ అంటాడు, సాక్షి ‘కాదండీ’ అంటాడు. ఆ ప్రశ్ననూ ఆ ‘కాదు’నూ కలిపి రికార్డులో ‘ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ఐ యామ్ డిపోజింగ్ ఫాల్స్‌లీ’ అని రాస్తారు. మన దేశంలో కోర్టు కాగితాలు చూసినవారందరికీ ఇది కంఠస్థమే. ఇక్కడ ‘మీరు’ కాస్తా ‘ఐ’ అయింది, కాలం మాత్రం కదలలేదు, ఎందుకంటే ముందున్న క్రియ ‘ఈజ్’, వర్తమానం. రిపోర్ట్ చేసే క్రియ వర్తమానంలో ఉంటే లోపలి క్రియను వెనక్కి జరపనక్కరలేదు, మనుషులను మాత్రం జరపాలి. ఓరుగల్లు అభ్యర్థి గారి పట్టికలో ఈ రెంటినీ కలిపి ఒకే నియమంలా చూపించి ఉంటారు, అవి రెండు వేర్వేరు నియమాలు.

ఇక అసలు చెప్పదలచుకున్నది మన ‘అట’ గురించి. కొత్తగా చేరిన రోజులలో ఒక పల్లెటూరి సాక్షి, ‘నేను పొలం నుంచి వచ్చేసరికే గొడవ అయిపోయిందండీ, వాడు కర్రతో కొట్టాడట’ అన్నాడు. నేను ‘హి బీట్ హిమ్ విత్ ఎ స్టిక్’ అని తర్జుమా చేశాను. తెలుగు తెలిసిన డిఫెన్స్ న్యాయవాది వెంటనే లేచి, సాక్షి ‘కొట్టాడు’ అనలేదని, ‘కొట్టాడట’ అన్నాడని అభ్యంతరం చెప్పారు. చెవులు వేడెక్కిపోయాయి. ఆ ఒక్క ‘అట’ పోగానే విన్నవాడు చూసినవాడైపోయాడు. మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలని, అంటే చూసిన విషయాన్ని చూసినవాడే చెప్పాలని 1872 నాటి సాక్ష్య చట్టంలోని 60వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ నియమం కొనసాగుతోంది. నేను రాసిన వాక్యం సాక్షిని ఆ గీతకు ఇవతలి నుంచి అవతలికి దాటించేసింది. తర్వాత దాన్ని ‘ఐ కేమ్ టు నో దట్ హి హ్యాడ్ బీటెన్ హిమ్’ అని దిద్దారు.

ఇంగ్లీషులో ‘అట’కు సమానంగా ఒక్క అక్షరం లేదు. ‘ఆయన వస్తాడట’ అనడానికి మామూలు మాటలలో అయితే ‘ఐ హియర్ హి ఈజ్ కమింగ్’ అంటాం, వార్తలలో ‘హి ఈజ్ సెడ్ టు బి కమింగ్’ అంటాం, ఎవరి ద్వారా తెలిసిందో చెప్పగలిగితే ఆ మనిషిని ముందు పెట్టి ‘సెడ్’ వాడతాం. ఏదో ఒకటి వాడాలే తప్ప ‘అట’ను గాలికి వదిలేయకూడదు. చెప్పినవాడి పేరు లేకుండా మోసే మాట కూడా రిపోర్టెడ్ స్పీచే.

గోదారిగట్టు:
నల్లకోటు గారూ, ఇది చదివిన తర్వాత నా పాత మెయిళ్ళు తిరగేశాను. ‘సర్వర్ ఆగిపోయిందట’ అని పక్క బృందం వాళ్ళు చెప్పిన ప్రతిచోటా నేను ‘ద సర్వర్ ఈజ్ డౌన్’ అనే రాశాను, నేనే వెళ్ళి చూసినట్లు. వాటిలో రెండుసార్లు సర్వరు ఆగనే లేదు.

పంతులమ్మ గారికి ఒక సందేహం. ‘సెడ్’ అని ఉంటే లోపలి కాలాన్ని తప్పకుండా వెనక్కి జరపాలా? మా లీడర్ స్వయంగా ‘షి సెడ్ షి ఈజ్ ఆన్ లీవ్ టుడే’ అని రాస్తారు, ఆయన ఇంగ్లీషు బాగుంటుంది.

పాలకొల్లు పంతులమ్మ:
మీ లీడరు రాసింది తప్పు కాదు. చెప్పిన విషయం మీరు రాస్తున్న క్షణానికి కూడా నిజంగానే ఉంటే, దానిని మీరూ నమ్ముతుంటే, వర్తమానంలోనే ఉంచవచ్చు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని మాస్టారు చెప్పారనే ఉదాహరణను ప్రతి పుస్తకంలో పెట్టి, అది శాశ్వత సత్యానికే పరిమితమన్నట్లు నేర్పుతారు గానీ, ఇవాళ్టి సెలవు కూడా ఇవాళ సాయంత్రం వరకు సత్యమే. ‘షి సెడ్ షి వాజ్ ఆన్ లీవ్’ అంటే ఆ మాటకు మీరు పూచీ పడటం లేదని, ఆవిడ అన్నదే చెబుతున్నారని ఒక ఛాయ వస్తుంది. ‘ఈజ్’ అంటే మీరూ దానికి ఓటు వేసినట్లే. అనుమానంగా ఉంటే వెనక్కి జరపడమే క్షేమం, అలా చేస్తే ఎవరూ తప్పు పట్టరు.

అలాగే ‘కుడ్, వుడ్, మైట్, షుడ్’ ముందే వెనక్కి జరిగి కూర్చున్న మాటలు, వాటిని ఇంకా జరపడానికి చోటు లేదు, అలాగే ఉంచేయండి. ‘మస్ట్’ను ‘హ్యాడ్ టు’ చేయవచ్చు, ఉంచేయనూ వచ్చు. గతంలో ఉన్నదాన్ని ‘హ్యాడ్’తో మరింత గతంలోకి నెట్టడం కూడా అన్నిచోట్లా అవసరం లేదు, ఏది ముందు జరిగిందో తికమక పడే అవకాశం ఉంటేనే దాని విలువ. పరీక్షలో మాత్రం నెట్టేయండి.

ఓరుగల్లు అభ్యర్థి:
చివరిగా ఆశ్చర్యార్థకాల గురించి, ‘లెట్ అస్’ గురించి ఒక్క మాట చెప్పండి. ‘సర్’ అని ఉంటే ఏం చేయాలి? ఇవి వదలకుండా అడుగుతున్నారు.

పాలకొల్లు పంతులమ్మ:
‘లెట్ అస్ గో’ మన ‘వెళ్దాం’. ‘వెళ్దామన్నాడు’ అంటే ‘హి సజెస్టెడ్ దట్ వి షుడ్ గో’, మామూలు మాటలలో అయితే ‘హి సజెస్టెడ్ గోయింగ్’. ఇక్కడ ‘సజెస్టెడ్ మీ టు గో’ అనేది మన ప్రాంతంలో బాగా పాతుకుపోయిన తప్పు, దాని జోలికి పోకండి.

‘హుర్రా’ ఉంటే ‘ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్’ అని, ‘అలాస్’ ఉంటే ‘ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో’ అని పరీక్ష కోసం గుర్తు పెట్టుకోండి. ‘సర్’ను తీసేసి ‘రెస్పెక్ట్‌ఫుల్లీ’ చేరుస్తారు, ‘గుడ్ మార్నింగ్’ను తీసేసి ‘విష్డ్’ పెడతారు. నా జీవితంలో ఏ మనిషీ ‘అలాస్’ అనగా వినలేదు, దాన్ని ఇంకొకరికి మోసినవారినీ చూడలేదు, అయినా ఆ మార్కు వదులుకోవద్దు.

గోదారిగట్టు:
నిన్న రాత్రి మళ్ళీ అలాంటి సందర్భమే వచ్చింది. ఈసారి ముందు తెలుగులో ‘రేపు’ను ‘మంగళవారం’ చేసుకుని, మాట్లాడేది నేను కాదు కదా అని ఒకసారి చూసుకుని, ‘టోల్డ్’ పక్కన మనిషిని పెట్టి ఇలా రాశాను: ‘ద టీమ్ లీడర్ టోల్డ్ మీ ఆన్ మండే నైట్ దట్ హి వుడ్ కాల్ ద క్లయింట్ ఆన్ ట్యూస్‌డే.’ సరిగ్గా ఉందా?

అనువాద అభిమాని:
వ్యాకరణపరంగా ఏ లోపమూ లేదు. మీ మేనేజరు గారి పేరు కూడా అదే మెయిలులో ఎక్కడైనా ఉంటే మాత్రం ‘హి’ తర్వాత ‘హిమ్‌సెల్ఫ్’ చేర్చండి, మన ‘తానే’ అక్కడ దొరుకుతుంది.

నల్లకోటు:
ఏ మంగళవారం? తేదీ వేయండి.

గోదారిగట్టు:
వేశానండీ, సమయం కూడా వేశాను.